కిల్న్ ఆగినప్పుడే అసలు గండం: చంద్రపూర్, గడ్చిరోలి ఇనుము ఫ్యాక్టరీల్లో గాయాలు ఎందుకు, ఎలా?

క్లుప్తంగా: స్పాంజ్ ఐరన్ (కరిగించకుండా తీసే ఇనుము), ఫెర్రో అల్లాయ్ (ఉక్కులో కలిపే మిశ్రమ లోహం) ఫ్యాక్టరీల్లో ఉత్పత్తి సాఫీగా సాగే రోజుల కంటే కిల్న్ అనే తిరిగే కొలిమి లాంటి యంత్రం ఆపి శుభ్రం చేసే రోజులు, మళ్లీ అంటించే రోజులే ఎక్కువ ముప్పు. ఆ పనికి దిగేది చాలావరకు కాంట్రాక్టు కూలీలు. వాళ్ల పేరు, జీతం, హాజరు కాగితాల మీద సరిగా ఉండకపోవడం వల్ల గాయం అధికారిక లెక్కకు ఎక్కదు, పరిహారమూ తగ్గిపోతుంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు కొన్ని నిబంధనలను గట్టి చేశాయి, కొన్నింటిని సడలించాయి. రాష్ట్రం దాటి వెళ్లిన కార్మికుడు పరిహారం కోసం సొంత జిల్లాలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

చాందా వైపు కొత్త పని

ఆసిఫాబాద్, మంచిర్యాల పల్లెల్లో పెద్దవాళ్లు చంద్రపూర్‌ను ఇప్పటికీ చాందా అనే అంటారు. కాజీపేట నుంచి బల్లార్షా వెళ్లే రైలు లైను ఈ ప్రాంతాన్ని ఎప్పుడో కలిపేసింది. రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. గడ్చిరోలి జిల్లా దక్షిణ కొసన ఉన్న సిరొంచలో బజారు భాష నేటికీ తెలుగే. కాళేశ్వరం దగ్గర గోదావరి మీద వంతెన వచ్చాక రాకపోకలు ఇంకా పెరిగాయి.

ఒకప్పుడు ఇటు నుంచి వెళ్లినవాళ్లకు బొగ్గు గనులు, కాగితం మిల్లు, సిమెంటు ఫ్యాక్టరీలు పని ఇచ్చాయి. ఇప్పుడు ఇనుము వంతు. ఘుగ్గుస్‌లో స్పాంజ్ ఐరన్ తయారవుతోంది. చంద్రపూర్‌లో ప్రభుత్వ రంగ ఉక్కు సంస్థ సెయిల్‌కు చెందిన ఫెర్రో అల్లాయ్ ప్లాంటు ఉంది. పాత మహారాష్ట్ర ఎలక్ట్రోస్మెల్ట్ కంపెనీయే 2011లో సెయిల్‌లో కలిసి ఆ ప్లాంటు అయింది. గడ్చిరోలి జిల్లా ఎటపల్లి తాలూకాలోని సూర్జాగఢ్ నుంచి ఇనుప ఖనిజం వస్తోంది, చామోర్షి తాలూకా కోన్‌సరిలో కొత్త ప్లాంటు లేచింది. గడ్చిరోలిని ఉక్కు కేంద్రంగా మారుస్తామని మహారాష్ట్ర ప్రభుత్వం చెబుతోంది.

ఉద్యోగాల వార్త మొదటి పేజీలో వస్తుంది. గాయాల వార్త లోపలి పేజీలో నాలుగు లైన్లు. అందులోనూ “ప్రమాదవశాత్తు” అనే మాట ఉంటుంది కానీ ఏ యంత్రం దగ్గర, ఏ పని చేస్తుండగా జరిగిందో ఉండదు. ఆ ఖాళీ వల్లనే ఇనుము పనిలో గాయాలంటే నుదుటి రాత అన్న అభిప్రాయం బలపడింది. నిజానికి వీటిలో చాలావాటికి ఒక పద్ధతి ఉంది. ఒకే చోట, ఒకే రకమైన పనిలో మళ్లీ మళ్లీ జరుగుతాయి.

కిల్న్ లోపల పేరుకునే రింగు

స్పాంజ్ ఐరన్‌ను కరిగించి తీయరు. ఇనుప ఖనిజం, బొగ్గు, కొంచెం డోలమైట్ కలిపి, పడుకోబెట్టిన పెద్ద గొట్టంలాంటి కిల్న్‌లోకి పంపుతారు. రోజుకు 100 టన్నులు తీసే కిల్న్ సుమారు 42 మీటర్ల పొడవు, 3 మీటర్ల వ్యాసం ఉంటుంది. అది మెల్లగా తిరుగుతుంటే లోపల దాదాపు 1,000 డిగ్రీల వేడిలో బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. మిగిలేదే స్పాంజ్ ఐరన్. అంటే విషవాయువు ఇక్కడ పొరపాటున పుట్టేది కాదు, దాంతోనే పని జరుగుతుంది.

అంతా సవ్యంగా సాగినంత కాలం ఆ వాయువు కిల్న్ చివర ఉన్న గదిలో మండిపోతుంది, దుమ్ము మరో గదిలో దిగుతుంది. కార్మికుడు బయట ఉంటాడు. చిక్కు బూడిదతో వస్తుంది. బొగ్గు బూడిద, సన్నని ఖనిజపు పొడి మెత్తబడి కిల్న్ లోపలి గోడకు అతుక్కుంటాయి. పెనానికి అట్టు మాడి పట్టేసినట్టు పొర మీద పొర పేరుకుని గట్టి రింగు తయారవుతుంది. కొన్ని నెలలకు ఆ రింగు దారి మూసేస్తుంది, సరుకు ముందుకు జరగదు. అప్పుడు షట్‌డౌన్ తీసుకుని, మనుషులు లోపలికి వెళ్లి పగలగొట్టాల్సిందే. బొగ్గులో బూడిద ఎంత ఎక్కువైతే రింగు అంత త్వరగా కడుతుంది. చౌక బొగ్గు వాడితే షట్‌డౌన్లు పెరుగుతాయి, దాంతో లోపలికి దిగాల్సిన సార్లూ పెరుగుతాయి. బొగ్గు కొనుగోలు నిర్ణయం ఆఫీసులో జరుగుతుంది, దాని ఫలితం కిల్న్‌లో ఉన్న మనిషి మీద పడుతుంది. ప్రమాద నివేదికల్లో ఈ లంకె దాదాపు కనిపించదు.

లోపల పొంచి ఉండే ముప్పులు నాలుగు రకాలు. మొదటిది వేడి. పైన ముట్టుకుంటే చల్లగా ఉన్న పెచ్చు లోపల నిప్పుకణికలా ఉంటుంది. కింద పడి పగిలితే వేడి పొడి ఒక్కసారిగా ఎగసి ముఖం, చేతులు కాలుస్తుంది. రెండోది నీళ్లు. త్వరగా చల్లారాలని నీళ్లు కొడితే, అది లోపలి వేడికి తగిలిన క్షణంలో ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే పరిమాణం దాదాపు 1,600 రెట్లు పెరుగుతుంది. ఇరుకు గదిలో అంత ఆవిరి వేడి బూడిదను తోసుకుంటూ తలుపు వైపే వస్తుంది, ఆ తలుపు దగ్గరే కూలీ నిలబడి ఉంటాడు. దుమ్ము దిగే గదిలో బూడిద లాగేటప్పుడు ఇదే జరుగుతుంది. మూడోది పైనుంచి పెచ్చులు ఊడి తల మీద పడటం. నాలుగోది, లోపల మనుషులుండగా ఎవరో కిల్న్‌ను తిప్పడం. కరెంటు స్విచ్‌కు తాళం వేసి, ఆ తాళంచెవి లోపలికి వెళ్లేవాడి జేబులో ఉంచితే ఈ నాలుగోది చాలావరకు ఆగిపోతుంది. ఖర్చు ఒక తాళంకప్ప.

ఇక్కడ కాలం కూడా ఒక కారణమే. కిల్న్ పూర్తిగా చల్లారడానికి రోజులు పడుతుంది. ఆగిన ప్రతి రోజూ ఉత్పత్తి నష్టమే. శుభ్రం చేసే కాంట్రాక్టు మొత్తానికి ఇంతని మాట్లాడితే, కాంట్రాక్టర్‌కూ పని త్వరగా ముగిస్తేనే లాభం. ఆగి చల్లారనివ్వాలని అనేవాడికి డబ్బు వచ్చే దారి ఈ ఏర్పాటులో ఎక్కడా లేదు.

కనిపించని గ్యాస్, రెండో మనిషి చావు

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. గాలిలో పది లక్షల భాగాలకు 1,200 భాగాలు చేరితే వెంటనే ప్రాణాపాయమని అమెరికా వృత్తి భద్రతా సంస్థ ప్రమాణం. ముందు తలనొప్పి, తర్వాత కాళ్లలో సత్తువ పోవడం. బయటికి పోవాలన్న ఆలోచన వచ్చేసరికి నడిచే శక్తి ఉండదు.

ఇలాంటి ప్రమాదాల్లో ఒక మనిషి పడితే సాధారణంగా ఆగదు. లోపల పడ్డవాణ్ని తీయడానికి వెళ్లిన రెండోవాడు, అతని వెనక మూడోవాడు పడతారు. 2014 జూన్‌లో భిలాయి ఉక్కు కర్మాగారంలో పంపుహౌస్ వైపు నీటి ఒత్తిడి తగ్గి గ్యాస్ బయటికి వచ్చి ఆరుగురు చనిపోయారు, వారిలో సీనియర్ అధికారులూ ఉన్నారు. 2021 జనవరిలో రూర్కెలాలో గ్యాస్ లీకై నలుగురు కాంట్రాక్టు కార్మికులు చనిపోయారు. రెండూ పెద్ద ప్రభుత్వ రంగ ప్లాంట్లు. భద్రతా విభాగం, అంబులెన్స్, గ్యాస్ మీటర్లు ఉండే చోటే ఇలా జరిగితే, ఒకే కిల్న్ ఉన్న చిన్న ఫ్యాక్టరీలో పరిస్థితి ఊహించడం కష్టం కాదు.

యంత్రాన్ని కొత్తగా మొదలుపెట్టే సమయమూ ఇలాంటిదే. 2012 జూన్ 13న విశాఖ ఉక్కు కర్మాగారంలో 19 మంది ప్రాణాలు తీసిన పేలుడు కొత్త స్టీల్ మెల్టింగ్ షాపులో ట్రయల్ రన్ సమయంలో, ఆక్సిజన్ సరఫరా వ్యవస్థ దగ్గర జరిగింది.

చట్టం ఈ విషయంలో గుడ్డిది కాదు. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ ప్రకారం గ్యాస్ ఉండే అవకాశం ఉన్న మూసిన చోటికి మనిషిని పంపాలంటే, లోపల గ్యాస్ లేదని అర్హత ఉన్న వ్యక్తి రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. లేదా ఆ మనిషికి శ్వాస పరికరం, నడుముకు బెల్టు, ఆ బెల్టుకు కట్టిన తాడు ఉండాలి. తాడు రెండో కొస బయట ఉన్నవాడి చేతిలో. రెండోవాడు లోపలికి దూకాల్సిన అవసరం రాకుండా చేసేది ఆ తాడే. లోపల వాడే చేతి దీపం 24 వోల్టులు దాటకూడదని 36-ఏ సెక్షన్ చెప్పింది. ఇనుప గొట్టంలో చెమటతో తడిసిన మనిషి చేతిలో 230 వోల్టుల బల్బు ఉంటే ఏమవుతుందో చట్టం రాసినవాళ్లకు తెలుసు.

ఫెర్రో ఫర్నేస్, రోలింగ్ మిల్లు: గాయం తీరు వేరు

ఫెర్రో అల్లాయ్ ఫర్నేస్‌లో లోహం నిజంగానే కరుగుతుంది. విద్యుత్ ఎలక్ట్రోడ్‌లు సరుకులో కూరుకుని ఉంటాయి. ఫర్నేస్ చుట్టూ నీటితో చల్లబరిచే గొట్టాలు తిరుగుతాయి. గొట్టం చిల్లుపడి నీరు కరిగిన లోహం కిందికి చేరితే పేలుడే. లోహం మీద పడిన నీటి కంటే లోహం కింద చిక్కుకున్న నీరు చాలా ప్రమాదం, ఎందుకంటే దానికి పైకి తప్ప దారి లేదు. చిట్టెం (కరిగిన లోహం నుంచి వేరయ్యే మడ్డి) పారబోసే నేల వానకు తడిసి ఉన్నా ఇదే కథ. అందుకే ఈ పనిలో జూలై, ఆగస్టు నెలల ముప్పు వేరు, మే నెల ముప్పు వేరు.

మే నెలది ఎండ. చంద్రపూర్‌లో 45 డిగ్రీలు దాటడం ఏటా మామూలే. దేశంలో అత్యంత వేడి పట్టణాల జాబితాలో దాని పేరు తరచూ ఉంటుంది. ఆ ఎండలో ఫర్నేస్ ముందు నిలబడ్డవాడు మందపాటి కోటు, ముఖం షీల్డు పక్కన పెడతాడు. దాన్ని నిర్లక్ష్యం అంటారు కానీ, శరీరం వేడి తట్టుకోలేక చేసే పని అది. పైగా చెమటకు తడిసిన గ్లవుజు వేడిని ఇంకా త్వరగా లోపలికి పంపుతుంది. పాలిస్టర్ చొక్కా నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది, నూలు బట్ట అలా చేయదు. లేసులు ఉన్న బూటులో కరిగిన లోహం చుక్క పడితే విప్పేలోగా పాదం కాలిపోతుంది. అందుకే కొలిమి పనికి ఒక్క లాగుతో ఊడిపోయే బూట్లు వేరుగా తయారుచేస్తారు. ప్యాంటు అంచు బూటు లోపల దోపుకోకూడదు, బూటు మీదుగా బయటికి ఉండాలి.

చిన్న రీరోలింగ్ మిల్లుల్లో గాయం వేరేలా ఉంటుంది. ఎర్రగా కాలిన కడ్డీ రోలర్ల మధ్య దారి తప్పి పాములా బయటికి దూకుతుంది. వేళ్లు, చేతులు నలగడం, కళ్లలో పొలుసు పడటం, క్రేన్ గొలుసు జారి సరుకు పడటం ఇక్కడ ఎక్కువ.

లెక్కల్లో వింత

కేంద్ర ప్రభుత్వ ఫ్యాక్టరీ భద్రతా సంస్థ డీజీఫాస్లి వివరాల ప్రకారం 2017 నుంచి 2020 వరకు దేశంలోని రిజిస్టరైన ఫ్యాక్టరీల్లో ఏటా సగటున 1,109 మంది చనిపోయారు, 4,000 మందికి పైగా గాయపడ్డారు. అంటే ఒక మరణానికి సుమారు నాలుగు గాయాలు. బ్రిటన్‌లో 2023-24లో అన్ని రంగాల్లో కలిపి పని ప్రమాదాల్లో 138 మంది చనిపోతే, యజమానులు స్వయంగా తెలిపిన గాయాలు 61,000 పైచిలుకు. ఒక మరణానికి 440కి పైగా గాయాలు.

రెండు దేశాల లెక్కలూ ఒకే కొలతవి కావు. బ్రిటన్ లెక్కలో ఆఫీసులు, దుకాణాలు కూడా ఉన్నాయి. అయినా ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మన చట్టంలో 48 గంటలు పనికి రాలేకపోతే చాలు, ఆ గాయాన్ని తెలియజేయాలి. బ్రిటన్‌లో మామూలు గాయానికి ఆ గడువు ఏడు రోజులకు పైన. మన వల కన్ను చిన్నది, పడిన చేపలు మాత్రం తక్కువ. మన ఫ్యాక్టరీల్లో గాయాలే తక్కువ అని దీనికి అర్థం చెప్పలేం. శవాన్ని దాచడం కష్టం, తెగిన వేలును దాచడం తేలిక అనేదే దగ్గరి వివరణ.

దాచడం అంటే పెద్ద కుట్ర అక్కర్లేదు. గాయపడ్డవాణ్ని తెలిసిన ప్రైవేటు క్లినిక్‌లో చూపిస్తారు. కుట్లు వేయించి, చేతిలో కొంత డబ్బు పెట్టి, నాలుగు వారాలు ఇంటికి పొమ్మంటారు. రిజిస్టర్‌లో హాజరు పడుతూనే ఉంటుంది. సిరొంచ పల్లెకో కోటపల్లికో చేరిన మనిషికి ఆ సాయం మంచితనంలాగే అనిపిస్తుంది. నెల తిరిగి వేలు వంగదని తెలిశాక చూస్తే, ప్రమాదం జరిగిందనడానికి ఒక్క కాగితమూ ఉండదు.

భాష చిక్కు ఎక్కడ?

ఫ్యాక్టరీలో ప్రదర్శించే చట్ట సారాంశం, నోటీసులు ఇంగ్లిష్‌లోనూ, ఎక్కువమంది కార్మికులకు తెలిసిన భాషలోనూ ఉండాలని 1948 చట్టం 108వ సెక్షన్ చెప్పింది. చంద్రపూర్‌లో ఆ ఎక్కువమంది భాష మరాఠీ లేదా హిందీ. తెలుగు, గోండి మాట్లాడేవాళ్లు ఎక్కడా మెజారిటీ కారు కాబట్టి ఏ నిబంధనా ఉల్లంఘించకుండానే వాళ్లు మినహాయింపు అయిపోతారు. సరిహద్దు మనుషులకు బజారు హిందీ బాగానే వస్తుంది. కానీ పనికి ముందు ఇచ్చే పర్మిట్ మీద ఏముందో చదివి సంతకం పెట్టేంత హిందీ వేరు.

వేలు విలువ ఎలా కడతారు?

ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) పరిధిలో ఉన్నవాడికి చికిత్స, పని చేయలేని రోజులకు జీతంలో 90 శాతం, వైకల్యం మిగిలితే దాని శాతాన్ని బట్టి జీవితాంతం నెలవారీ డబ్బు వస్తాయి. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండాలి. ఉద్యోగ గాయానికి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు, చేరిన మొదటి రోజే గాయపడ్డా వర్తిస్తుంది.

ఈఎస్‌ఐ లేనివారికి ఉద్యోగుల పరిహార చట్టం దారి. 1923 నాటి ఆ చట్టాన్ని ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిపారు. లెక్క మాత్రం సూత్రం ప్రకారమే. శాశ్వత పూర్తి వైకల్యానికి నెల జీతంలో 60 శాతాన్ని వయసుకు తగ్గ గుణకంతో హెచ్చిస్తారు. పాక్షిక వైకల్యమైతే అందులో శాతం ఇస్తారు. చూపుడు వేలు మొత్తం పోతే 14 శాతం, బొటనవేలికి 30, ఒక కన్నుకు 40, ఒక చేతి నాలుగు వేళ్లకు 50. లెక్కలోకి తీసుకునే జీతం పరిమితి 2020 జనవరి నుంచి 15,000 రూపాయలు.

ముప్పై ఏళ్ల మనిషికి గుణకం 207.98. నెల జీతం 15,000 అయితే చూపుడు వేలికి సుమారు 2,62,000 రూపాయలు. అదే మనిషికి వాస్తవంగా 15,000 ఇస్తూ, చీటీ మీద 9,000 మాత్రమే చూపి మిగతాది చేతికి ఇస్తే పరిహారం సుమారు 1,57,000 అవుతుంది. ఒక్క వేలి దగ్గర లక్షకు పైగా తేడా. పీఎఫ్ కటింగ్ తగ్గుతుందని కార్మికుడు కూడా ఆ ఏర్పాటుకు ఒప్పుకుంటాడు, అప్పటికి లాభమే కనిపిస్తుంది మరి.

కాంట్రాక్టర్ చేతులెత్తేస్తే బాధ్యత పోదు. 1923 చట్టం 12వ సెక్షన్ ప్రకారం అసలు యజమాని, అంటే ఫ్యాక్టరీ, పరిహారం చెల్లించి తర్వాత కాంట్రాక్టర్ నుంచి రాబట్టుకోవాలి. నెల దాటి ఆలస్యం చేస్తే 12 శాతం వడ్డీ, పైగా బకాయిలో 50 శాతం దాకా జరిమానా.

కొత్త కోడ్‌లు ఏం మార్చాయి?

2025 నవంబర్ 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1948 చట్టం స్థానంలో వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో విద్యుత్ వాడే చోట 20 మంది ఉంటేనే ఫ్యాక్టరీ అంటారు. పాత చట్టంలో అది 10. అంటే 12 మందితో నడిచే రోలింగ్ షెడ్డు ఇప్పుడు ఫ్యాక్టరీ నిర్వచనం బయట. రెండో వైపు, భద్రతా అధికారిని పెట్టాల్సిన పరిమితి 1,000 మంది నుంచి 500కు, ప్రమాదకర ప్రక్రియ ఉన్న చోట 250కి దిగింది. మధ్యస్థాయి స్పాంజ్ ఐరన్ యూనిట్లు దీని కిందికి వచ్చే అవకాశం ఉంది. నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరైంది. పేరు, జీతం కాగితం మీద లేకపోవడమే పరిహారంలో మొదటి అడ్డంకి కాబట్టి ఇది కాంట్రాక్టు కూలీ దాకా నిజంగా చేరితే ప్రభావం పెద్దదే.

శిక్షల్లోనూ తేడా ఉంది. పాత చట్టంలో భద్రతా నిబంధనల ఉల్లంఘన వల్ల మరణం సంభవిస్తే కనీస జరిమానా 25,000 రూపాయలు. కొత్త కోడ్‌లో అది 5 లక్షలు, జైలు రెండేళ్ల దాకా. ఆ జరిమానాలో కనీసం సగం బాధితుడికో కుటుంబానికో ఇవ్వమని కోర్టు ఆదేశించవచ్చు. అయితే ప్రమాదకర ఫ్యాక్టరీల్లో తప్పనిసరిగా ఉండాల్సిన భద్రతా కమిటీ, కొత్త కోడ్‌లో ప్రభుత్వ ఉత్తర్వుపై ఆధారపడే ఏర్పాటుగా మారింది. భద్రత గురించి కార్మికుల ప్రతినిధి కూర్చుని మాట్లాడే చోటు అది అని గుర్తు పెట్టుకుంటే ఈ మార్పు చిన్నది కాదు.

నది ఇవతల నుంచి దరఖాస్తు

గాయపడ్డ మనిషి ఇంటికి చేరాక కేసు కోసం చంద్రపూర్ తిరగాలా అన్నది సరిహద్దు కుటుంబాల్లో ఎక్కువగా వినిపించే ప్రశ్న. తిరగక్కర్లేదు. 1923 చట్టం 21వ సెక్షన్ మూడు చోట్ల దరఖాస్తుకు వీలిచ్చింది: ప్రమాదం జరిగిన ప్రాంతం, దరఖాస్తుదారు నివాసం ఉండే ప్రాంతం, యజమాని రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న ప్రాంతం. మంచిర్యాల జిల్లా కుటుంబం ఇక్కడి కార్మిక శాఖ అధికారి దగ్గరే పెట్టుకోవచ్చు. ఆయన ప్రమాదం జరిగిన ప్రాంతపు అధికారికి నోటీసు పంపుతాడు. గడువు రెండేళ్లు. ఈఎస్‌ఐ కింద ఉన్న మనిషి మాత్రం ఈ దారిలో రాలేడు, ఈఎస్‌ఐ ప్రయోజనాలే తీసుకోవాలి.

దరఖాస్తు నిలబడేది కాగితాల మీద. గేట్ పాస్, బ్యాంకులో పడిన జీతం, మొదట చూసిన ఆస్పత్రి చీటీ, అందులో గాయం ఎక్కడ ఎలా తగిలిందో రాసిన ఒక లైను. ఆ లైనులో “బండి మీద నుంచి పడ్డాడు” అని ఉంటే తర్వాత ఎంతమంది సాక్ష్యం చెప్పినా గట్టెక్కడం కష్టం. అది రాసేది డాక్టరే అయినా, చెప్పేది సాధారణంగా వెంట వచ్చిన సూపర్‌వైజర్.